ప్రతిభకే పట్టం అంటారు సరే, మంచి బ్రీఫు ఎవరి బల్ల మీదికి వెళ్తోంది?

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. 6 ఏళ్లుగా ఒక డిజైన్ స్టూడియోలో పనిచేస్తున్నారు. మీ దగ్గర ఆడ, మగ తేడా లేదని, ప్రతిభకే పట్టమని అందరూ అంటారు. మీరూ అలాగే నమ్మారు. మీ తర్వాత రెండేళ్లకు చేరిన సహోద్యోగి ఇప్పుడు మీ పైస్థానంలో కూర్చున్నాడు. కారణం అడిగితే "అతని పని స్థాయి వేరు" అన్నారు. "నా పని నిజంగానే తక్కువదా, లేక నేను ఆడదాన్ని కావడం వల్ల ఇలా జరిగిందా? తెలుసుకునేదెలా?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆ ఒక్క పదోన్నతిని చూసి ఏదీ తేల్చలేం. మీ సహోద్యోగి నిజంగానే మంచి పనిమంతుడు కావచ్చు. కానీ "అతని పని స్థాయి వేరు" అన్న మాట నిజమైనా సరే, వివక్ష జరగలేదని దానివల్ల రుజువు కాదు. ఆ స్థాయి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు సంగతి. ప్రతిభను కొలిచే రోజు రాకముందే ఆ ప్రతిభ కనబడే అవకాశాల పంపకం జరిగిపోయి ఉంటుంది. ఆ పంపకాన్ని ఎవరూ లెక్క రాసిపెట్టరు.

నేను 23 ఏళ్లుగా ప్రకటనల సంస్థల్లో, డిజైన్ స్టూడియోల్లో ఉన్నాను. అందులో 11 ఏళ్లు ఇతరుల పనిని అంచనా వేసే కుర్చీలోనే గడిచాయి. నేనూ స్త్రీనే. ఈ విషయంలో నేను చేసిన తప్పులు కూడా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇది ఎలా జరుగుతుందో అవతలి కుర్చీ నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది.

పరుగు పందెంలో గడియారం ఉంటుంది. ఎవరు ముందు వచ్చారో దాన్ని చూసి చెప్పవచ్చు. పోస్టరుకు, ప్రకటనకు, పుస్తకం అట్టకు అలాంటి గడియారం లేదు. అంటే మంచి చెడ్డలే లేవని కాదు. పదిమందికి చూపిస్తే మరీ పేలవమైన పనిని పదిమందీ పేలవమనే అంటారు. చిక్కంతా మధ్యలో ఉన్న పనులతోనే. 2006లో ముగ్గురు పరిశోధకులు ఇంటర్నెట్‌లో ఒక ప్రయోగం చేశారు. ఎవరికీ పెద్దగా తెలియని బృందాల పాటలు 48 తీసుకుని, 14 వేల మందికి పైగా శ్రోతలకు వినిపించారు. శ్రోతలను వేర్వేరు గుంపులుగా విడదీసి, కొన్ని గుంపుల వారికి తమ గుంపులో ముందు విన్నవాళ్లు ఏ పాటను ఎంతమంది తీసుకున్నారో కనబడేలా చేశారు. పాటలు అవే అయినా ఒక్కో గుంపులో ఒక్కో పాట పైకి తేలింది. చాలా మంచివి మరీ అడుగుకు పోవడం అరుదు, చాలా చెడ్డవి పైకి రావడం అరుదు. మిగిలిన వాటికి మాత్రం ఏదైనా జరగవచ్చని తేలింది. ముందువాళ్ల మెప్పు చూసి తర్వాతివాళ్లు మెచ్చుకోవడమే అందుకు కారణం.

మన రంగంలో ఉద్యోగంలో నిలదొక్కుకున్న వాళ్లలో ఎక్కువమంది ఆ మధ్యభాగంలోనే ఉంటారు. అందరూ పని తెలిసినవాళ్లే. అక్కడ ఎవరు పైకి వస్తారన్నది కొలతతో తేలదు, పెద్ద కుర్చీలో ఉన్నవారి అభిరుచితో, నమ్మకంతో, "వీడిలో ఏదో ఉంది" అన్న మాటతో తేలుతుంది. మనం పెరిగిన లోకం మన మనసులో పెట్టిన బొమ్మలన్నీ ఆ "ఏదో" అన్న మాటలోకి చొరబడతాయి. గొప్ప కళాకారుడు అనగానే మీ కళ్లముందు ఎవరు మెదిలారో ఒక్క క్షణం గమనించుకోండి.

ఇక బ్రీఫుల సంగతి, అంటే ఏం కావాలో చెబుతూ క్లయింటు అప్పగించే పనుల సంగతి. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా ముఖ్యమైనది, అయినా ఎవరూ దీని గురించి మాట్లాడరు.

నేను కొత్తగా బృందానికి పెద్దనైన రోజుల్లో సోమవారం ఉదయం పని పంచేదాన్ని. పసిపిల్లల సబ్బు వచ్చిందంటే అమ్మాయిల బల్ల మీదికి. కారు వచ్చిందంటే అబ్బాయిల బల్ల మీదికి. చర్మానికి రాసే క్రీములు అమ్మాయిలకు, బ్యాంకులూ ఫోన్లూ అబ్బాయిలకు. ఎవరినీ తక్కువ చేయాలని అలా పంచలేదు. "ఇది నీకు బాగా తెలిసిన విషయం కదా" అని ప్రేమగానే చెప్పి ఇచ్చేదాన్ని. కారు ఖాతాకు, అంటే కారు కంపెనీ ఇచ్చే పనికి, బడ్జెట్ ఎక్కువ. పేరున్న ఫోటోగ్రాఫర్ వస్తాడు, షూటింగ్‌కు రోజులు దొరుకుతాయి, క్లయింటు కూడా కొత్తదనం కావాలని అడుగుతాడు. సబ్బు ఖాతాలో క్లయింటుకు నిరుడు చేసిందే మళ్లీ కావాలి, తల్లి నవ్వు ఇంకొంచెం పెద్దది కావాలి, వారంలో కావాలి. నాలుగేళ్లు ఇలా గడిచాక ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పోర్ట్‌ఫోలియోలు, అంటే అప్పటిదాకా చేసిన పనుల నమూనాలు, పక్కపక్కన పెట్టి చూశాను. అతని పని పెద్దదిగా, సాహసంగా కనబడింది. ఆమె పని శుభ్రంగా, పొందికగా ఉంది. "అతని పని స్థాయి వేరు" అని నేనూ అన్నాను. అబద్ధం చెప్పలేదు, ఆ మాట నిజమే. ఆ తేడాను నాలుగేళ్ల సోమవారాల్లో నా చేతులతో నేనే తయారుచేశానన్నది మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1938లో డిస్నీ స్టూడియో నుంచి ఉద్యోగం కోరిన ఒక యువతికి వెళ్లిన ఉత్తరం నేటికీ దొరుకుతుంది. కార్టూన్ల తయారీలో సృజనాత్మకమైన పని అంతా యువకులే చేస్తారని, ఆడవాళ్లకు ఉన్న పని ఒక్కటేనని అందులో రాశారు. పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద గీతల వెంట సిరాతో దిద్దడం, వెనకవైపు రంగు నింపడం, అంతే. అప్పటి వారు కనీసం దాచకుండా రాశారు. ఇప్పుడు ఎవరూ అలా రాయరు, కానీ గీత గీసేది ఎవరు, రంగు నింపేది ఎవరు అన్న పంపకం చాలాచోట్ల మాటల్లో పడకుండా నడుస్తూనే ఉంది. ఆస్కార్ అవార్డులు 1929లో మొదలయ్యాయి. దర్శకత్వానికి ఒక మహిళకు మొదటిసారి బహుమతి వచ్చింది 2010లో, క్యాథరిన్ బిగెలోకు. ఛాయాగ్రహణంలో ఒక మహిళ పేరు పోటీ జాబితాలోకి మొదటిసారి ఎక్కింది 2018లో. అన్ని దశాబ్దాలు ఆడవాళ్లకు కెమెరా కన్ను లేకపోయిందా? కెమెరా చేతికి రాలేదు, అంతే.

పనిలో సగపాలు ఉన్నా పేరులో పాలు దక్కని సంగతి ఇంకొకటి. వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతిని 1991లో రాబర్ట్ వెంచూరికి ఒక్కరికే ఇచ్చారు. అంతకు ముందు ఎన్నో ఏళ్లుగా ఆయనతో కలిసి రూపకల్పన చేస్తూ, కలిసి రాస్తూ, సంస్థలో సమాన భాగస్వామిగా ఉన్న ఆయన భార్య డెనీస్ స్కాట్ బ్రౌన్ పేరు అందులో లేదు. 2013లో వేలమంది సంతకాలు చేసి ఆమె పేరునూ చేర్చమని అడిగారు. పాత తీర్పును తిరగదోడలేమని బహుమతి కమిటీ చెప్పింది. జంటగా చేసిన పని చూసినప్పుడు ఆలోచన మగవాడిదని, సాయం ఆడమనిషిదని అనుకోవడం మనకు ఎంత సులువైపోయిందో దీన్ని బట్టి చూడండి.

ఇప్పుడు నా నోటు పుస్తకం గురించి చెప్పాలి.

జీవిత బీమా ప్రకటన కోసం ఒక సాయంత్రం 7 మందిమి గదిలో కూర్చున్నాం. బల్ల చివర కూర్చున్న అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, చేతిలోని కాగితం వైపే చూస్తూ అంది: "మనిషిని చూపించనే వద్దేమో. ఖాళీ కుర్చీ ఒక్కటి చాలేమో." ఎవరో "మరీ దిగులుగా ఉంటుంది" అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు. నేను "సరే, ఇంకా చూద్దాం" అన్నాను. ఓ పావుగంట తర్వాత బృందంలోని ఒక యువకుడు లేచి, మార్కర్ తీసుకుని, బోర్డు మీద కుర్చీ గీశాడు. పక్కన మడిచి పెట్టిన కళ్లజోడు గీశాడు. "ఖాళీ కుర్చీ. అంతే. మాటలు అక్కర్లేదు" అన్నాడు. గది ఒక్కసారిగా వేడెక్కింది. నేను నోటు పుస్తకంలో "ఖాళీ కుర్చీ" అని రాసి, పక్కన అతని పేరు రాసి, కింద రెండు గీతలు గీశాను. తల ఎత్తినప్పుడు ఆ అమ్మాయి తన కాగితం మీద ఏదో రబ్బరుతో చెరిపేస్తోంది. అది నా కంటపడింది. నేను ఏమీ అనలేదు.

అతను దొంగిలించాడని నేను అనడం లేదు. బహుశా అతనికే గుర్తు లేదు. ఆమె మాట చెవిన పడి, లోపల నాని, తనదిగా బయటికి వచ్చి ఉంటుంది. గదుల్లో ఆలోచనలు అలాగే తిరుగుతాయి. కాని లెక్క రాసే పని నాది. నేను రాసినది తప్పు లెక్క.

ఎన్నో ఏళ్ల తర్వాత ఇల్లు మారుతున్నప్పుడు ఆ పుస్తకాలు మళ్లీ చేతికొచ్చాయి. నేలమీద కూర్చుని మూడేళ్ల సమీక్షల కోసం రాసుకున్న మాటలన్నీ చదివాను. మగవాళ్ల పేర్ల పక్కన: "తెగువ ఉంది." "ఇంకా పదును రావాలి, వస్తుంది." "గీత తప్పుతాడు, కాని కొత్తగా తప్పుతాడు." ఆడవాళ్ల పేర్ల పక్కన: "శ్రద్ధగా చేస్తుంది." "నమ్మి పని అప్పగించవచ్చు." "అందరితో కలుపుగోలుగా ఉంటుంది." "ఇంకా తనను తాను నిరూపించుకోవాలి." ఒక్కటీ తిట్టు కాదు, అన్నీ మెచ్చుకోళ్లే. కానీ బృందానికి నాయకుడిని ఎంచుకునే రోజున మొదటి రకం మెప్పుకే విలువ. రెండో రకం మెప్పు ఉన్నవాళ్లను ఉన్నచోటనే ఉంచుతారు, ఎందుకంటే వాళ్లు లేకపోతే పని ఆగిపోతుంది. ఇంకొకటి గమనించాను. మగవాళ్ల గురించి భవిష్యత్కాలంలో రాశాను, "వస్తుంది" అని. ఆడవాళ్ల గురించి ఇప్పటిదాకా ఏం చేశారో రాశాను.

ఇది నా ఒక్కదాని బలహీనత కాదని తర్వాత చదువుకుని తెలుసుకున్నాను. 2015లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొన్ని ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఒకే ఇంటి నమూనాను కొందరికి మగ ఆర్కిటెక్ట్ పేరుతో, కొందరికి ఆడ ఆర్కిటెక్ట్ పేరుతో చూపించారు. నమూనాలో తేడా లేదు, అయినా మగపేరు ఉన్నప్పుడు దాన్ని ఎక్కువ సృజనాత్మకమైనదిగా అంచనా వేశారు. సృజన అనగానే జనం తెగువ, ఒంటరిపోకడ, ఎవరిమాటా వినకపోవడం వంటి గుణాలు తలుచుకుంటారని, వాటిని మగవాళ్ల గుణాలుగానే లెక్కిస్తారని వారు చూపించారు. ఆ గుణాలే ఆడమనిషిలో కనబడితే వాటికి వేరే పేర్లు పెడతాం. ఆ పేర్లు మీరు వినే ఉంటారు.

మీ ప్రశ్నలో నాకు గట్టిగా తగిలిన మాట "మా దగ్గర ప్రతిభకే పట్టమని అందరూ అంటారు" అన్నది. ఆ మాట ఉన్నచోట వివక్ష తక్కువగా ఉంటుందని మనం అనుకుంటాం. కాని 2010లో ఎమీలియో కాస్టిల్లా, స్టీఫెన్ బెనార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. నిర్వహణ అనుభవం ఉన్న 445 మందికి ఉద్యోగుల పనితీరు వివరాలు ఇచ్చి బోనస్ పంచమన్నారు. కొందరికి ఆ సంస్థ విలువల పత్రంలో ప్రతిభకే ప్రాధాన్యమని నొక్కి చెప్పారు, కొందరికి ఆ మాట చెప్పలేదు. ప్రతిభకే ప్రాధాన్యమని చదివినవాళ్లే, సమానంగా పనిచేసిన స్త్రీ కంటే పురుషుడికి ఎక్కువ బోనస్ ఇచ్చారు. ఆ మాట నొక్కి చెప్పని చోట ఆ మొగ్గు కనబడలేదు. నాకు ఇది చదివినప్పుడు ఆశ్చర్యం కన్నా, ఇది నాకు తెలిసిన సంగతే అన్న భావన ఎక్కువ కలిగింది. "నేను నిష్పక్షపాతిని" అని నమ్మిన మనిషి తన నిర్ణయాన్ని తిరిగి చూసుకోవడం మానేస్తాడు. నేను ఆ పని పంపకాలు చేసిన ఏళ్లలో, మా దగ్గర వివక్ష ఉందా అని ఎవరైనా అడిగి ఉంటే, నేనే ఒక స్త్రీని, ఇక్కడ అలాంటివి లేవు అని ఒట్టు వేసి చెప్పేదాన్ని.

అన్నట్టు, మెరిటోక్రసీ అన్న ఆంగ్ల పదాన్ని జనంలోకి తెచ్చిన బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త మైకేల్ యంగ్ 1958లో దాన్ని హెచ్చరికగా వాడాడు. పైకి వచ్చినవాళ్లు తమ ఎదుగుదలంతా తమ గొప్పతనమేనని నమ్మి, కిందివాళ్లను వాళ్ల ఖర్మకు వదిలేసే సమాజాన్ని ఊహించి వ్యంగ్యంగా రాశాడు. ఆ మాట ప్రశంసగా మారిపోవడం చూసి బాధపడి, 2001లో పత్రికలో వ్యాసం రాశాడు కూడా.

కొలబద్ద మారిపోవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ విషయంలో ఇది జరిగిందో లేదో మీరే తేల్చుకోవచ్చు. 2005లో ఉల్మన్, కోహెన్ అనే పరిశోధకులు పోలీసు చీఫ్ ఉద్యోగానికి అభ్యర్థి వివరాలను కొందరికి మగపేరుతో, కొందరికి ఆడపేరుతో చూపించారు. ఆ అభ్యర్థికి కొన్నిసార్లు చదువు ఉంది, కొన్నిసార్లు వీధుల్లో పనిచేసిన అనుభవం ఉంది. మగ అభ్యర్థికి చదువు ఉన్నప్పుడు ఈ ఉద్యోగానికి చదువు ముఖ్యమన్నారు. అతనికి చదువు లేనప్పుడు చదువుకు అంత ప్రాముఖ్యం లేదన్నారు. ముందు మనిషిని ఎంచుకుని, తర్వాత అతనికి సరిపోయే కొలబద్ద చేసుకున్నారన్నమాట. అభ్యర్థి ఆడో మగో తెలియకముందే ఏ అర్హత ముఖ్యమో చెప్పించినప్పుడు ఆ వివక్ష పోయింది. మా రంగంలో దీన్ని వందసార్లు చూశాను. అతను క్లయింటుతో బాగా మాట్లాడితే "ఈ స్థానానికి మాట కావాలి" అంటారు. ఆమె బాగా మాట్లాడి అతను మౌనంగా ఉంటే "మాటలదేముంది, పని మాట్లాడాలి" అంటారు.

మరి పేర్లు దాచి చూస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. కొన్నిచోట్ల ఇది పనికొస్తుంది. అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి వాద్యకారులను తెర వెనక కూర్చోబెట్టి వినడం మొదలుపెట్టాయి. అడుగుల చప్పుడు బట్టి ఆడో మగో తెలియకుండా నేలమీద తివాచీ కూడా పరిచేవారు. 1970లో అక్కడి అగ్రశ్రేణి ఆర్కెస్ట్రాలలో 5 శాతం లోపే ఉన్న మహిళలు 1990ల చివరికి దాదాపు 25 శాతానికి చేరారు. ఇందులో తెర వాటా ఎంత అన్న విషయంలో 2000లో వెలువడిన అధ్యయనాన్ని తర్వాత గణాంక నిపుణులు గట్టిగానే ప్రశ్నించారు. ఎవరైనా దాన్ని తిరుగులేని రుజువుగా చెబితే మీరు జాగ్రత్తగా వినండి. నాకు అంతకన్నా నచ్చిన ఉదాహరణ హబుల్ టెలిస్కోపుది. దాన్ని వాడుకునే సమయం కోసం శాస్త్రవేత్తలు ప్రతిపాదనలు పంపుతారు. 2018లో ప్రతిపాదన పంపినవారి పేర్లు పరిశీలకులకు కనబడకుండా చేశారు. అంతకు ముందు 18 ఏళ్ల లెక్కలు తీస్తే ప్రతిసారీ పురుషుల విజయశాతమే ఎక్కువ. ఆ ఏడు మొదటిసారి మహిళలది కొద్దిగా ఎక్కువైంది. చర్చ కూడా మారిందట. ఈ మనిషి చేయగలడా అన్న మాట పక్కకు పోయి, ఈ ఆలోచనలో పస ఉందా అన్నదే మిగిలిందట.

కాని రోజూ పక్కన కూర్చుని పనిచేసే స్టూడియోలో తెర కట్టలేం. ఏ చేతిగీత ఎవరిదో అందరికీ తెలుసు. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు పేరు తీసేసి పోర్ట్‌ఫోలియో చూసినా, ఆ పోర్ట్‌ఫోలియోలో ఉన్నది పాతచోట దొరికిన బ్రీఫుల ఫలితమే. తెర ఎంత మందంగా కట్టినా పందెం చివరి పది అడుగులకే అది పనిచేస్తుంది.

ఇతరుల పని చక్కబెట్టే పనుల గురించి రెండు మాటలు. మీటింగు విషయాలు రాయడం, కొత్తవాళ్లకు నేర్పడం, ఫైళ్లు సర్దడం, వీడ్కోలు సభలు చూసుకోవడం. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆడ మగ కలిసి ఉన్న గుంపుల్లో ఇలాంటి పనులకు ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు, వాళ్లనే ఎక్కువగా అడిగారు. అందరూ మగవాళ్లే ఉన్న గుంపుల్లో మాత్రం ఆ పనులు ఆగలేదు, వాళ్లే చేసుకున్నారు. దీన్నిబట్టి ఇది ఇష్టం సంగతి కాదని తేలుతోంది. ఈ పనులకు మీ వారంలో ఎన్ని గంటలు పోతున్నాయో లెక్క వేయండి.

ఇప్పుడు మీరేం చేయాలన్నది. ముందుగా, గత రెండేళ్లలో మీ బృందానికి వచ్చిన పనులన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోటి ఎవరికి వెళ్లింది, బడ్జెట్ పెద్దదా చిన్నదా, ఎన్ని రోజులిచ్చారు, క్లయింటు ముందు ఎవరు నిలబడి చూపించారు, చివరికి ఎవరి పేరు వేశారు. మనసులోని అనుమానం కన్నా ఈ కాగితం నమ్మదగినది. రెండు వైపులా సమానంగా ఉంటే మీ పని గురించి నిజాయితీగా ఆలోచించుకోవాల్సి వస్తుంది, అదీ మంచిదే. ఒకవైపే బరువు ఉంటే మీకు జవాబు దొరికినట్టే.

రెండోది, మీ పైవారిని అడగండి. "నన్నెందుకు తీసుకోలేదు" అని కాదు, ఆ ప్రశ్నకు సాకులే వస్తాయి. "వచ్చే ఏడాది ఈ స్థానానికి ఏమేం చూస్తారో ఇప్పుడే రాసి ఇవ్వగలరా? వాటిలో నా దగ్గర లేనివి ఏవి? అవి రావడానికి ఏ బ్రీఫులు నాకు ఇస్తారు?" అని అడగండి. చివరి ప్రశ్న వదలవద్దు. "ఇంకొంచెం ఆత్మవిశ్వాసం పెంచుకోవాలి", "ఉనికి కనబడాలి" లాంటి జవాబు వస్తే, ఏ పనిలో, ఏ రోజు అలా అనిపించిందో ఉదాహరణ చెప్పమనండి. గట్టి విమర్శ వస్తే నొచ్చుకోకండి. మగవాళ్లకు ముఖం మీద కొట్టినట్టు చెప్పి, ఆడవాళ్లకు మాత్రం నొప్పించకుండా మెత్తగా చెప్పడం మా తరం పెద్దలకు ఉన్న అలవాటు. ఆ మెత్తదనం వల్ల మీరు నేర్చుకోవాల్సినది మీకు అందలేదు.

గదిలో మాట విషయంలో, ఒక స్నేహితుడితోనో స్నేహితురాలితోనో ముందే మాట్లాడి పెట్టుకోండి. మీ ఆలోచన వేరే నోట తిరిగి వచ్చినప్పుడు "ఇందాక ఆమె చెప్పిన కుర్చీ ఆలోచనే కదా, దాన్నే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం" అని వాళ్లు అనాలి. మీకు మీరే అనుకుంటే గొడవగా వినబడే మాట, పక్కవాళ్ల నోట సహజంగా వినబడుతుంది. స్కెచ్‌ల మీద తేదీ వేసి, మీటింగుకు ముందే అందరికీ పంపండి.

ఇవన్నీ మీ నెత్తినే వేయడం న్యాయం కాదు. ఇది సరిచేయాల్సింది కుర్చీలో ఉన్నవాళ్లు. మా దగ్గర నేను మార్చినవి మూడే. బ్రీఫుల పంపకానికి ఒక పట్టిక పెట్టి అందరికీ కనబడేలా గోడకు తగిలించాను. మీటింగులో మాట్లాడే ముందు 10 నిమిషాలు అందరూ మౌనంగా తమ ఆలోచనలు చీటీల మీద రాసి నాకు ఇవ్వాలన్నాను. పదోన్నతికి ఏం చూస్తామో పేర్లు తలుచుకోకముందే రాసిపెట్టి, తర్వాత ఒక్కో పేరుకు కారణం రాసి, అది మా గదిలో లేని ఇంకొకరికి చూపించాలన్నాను. ఇదే కాస్టిల్లా 2015లో, సుమారు 9 వేల మంది పనిచేసే ఒక సంస్థలో జీతాల పెంపు నిర్ణయాలకు కారణాలు చెప్పే బాధ్యత పెట్టి, వాటిని పైవాళ్లకు కనబడేలా చేశాక తేడా తగ్గిందని చూపించాడు. ధర్మోపన్యాసాలతో రాని మార్పు, ఎవరైనా చూస్తారన్న ఎరుకతో వచ్చింది.

పట్టిక పెట్టిన మొదటి ఏడాది ఒక కారు ఖాతా అమ్మాయికి వెళ్లింది. ఆమె చేసిన మొదటి ప్రచారం సరిగ్గా రాలేదు. క్లయింటు ముఖం మీదే వద్దన్నాడు. తిరిగి వస్తుంటే నా మనసులో కదిలిన మొదటి ఆలోచన ఏమిటో నిజం చెబుతాను: తర్వాతి కారు పని వేరేవాళ్లకు ఇద్దాం. అప్పుడు గుర్తొచ్చింది, అంతకు ముందు అదే ఖాతాలో ఇద్దరు అబ్బాయిలు ఇలాగే చేతులు కాల్చుకున్నారు. వాళ్లకు రెండోసారి ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నే నాకు రాలేదు, ఇచ్చేశాను. అతని పని చెడితే, ఆ రోజు బాగోలేదు అంటాం. ఆమె పని చెడితే, ఆమెకు చేతకాదు అంటాం. అవకాశం పంచడం గురించి ఇంత మాట్లాడుతున్నాం కాని, ఓడిపోయాక మళ్లీ దొరికే అవకాశాన్ని పంచడంలోనే అన్నిటికన్నా ఎక్కువ తేడా ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమెకు మళ్లీ ఇచ్చాను. రెండోది బాగా చేసింది. మూడోది అంతకన్నా బాగా చేసింది. మీ కాగితంలో దీనికీ ఒక గడి పెట్టండి: పని చెడిన తర్వాత ఎవరికి ఏ పని దొరికింది?

ఖాళీ కుర్చీ అమ్మాయి మా దగ్గర ఎక్కువ కాలం ఉండలేదు. పుస్తకాలు దొరికిన వారంలోనే నంబరు సంపాదించి ఫోను చేశాను. క్షమించమని అడిగాను. ఆమెకు ఆ సాయంత్రం బాగానే గుర్తుంది. కానీ ఆమె దాన్ని అన్యాయంగా గుర్తుంచుకోలేదు. "నేను సరిగ్గా చెప్పలేకపోయాను అనుకున్నాను మేడమ్. బొమ్మ గీసి చూపించి ఉండాల్సింది అనుకున్నాను. అప్పటి నుంచి పూర్తిగా గీసుకుంటే తప్ప గదిలో నోరు విప్పేదాన్ని కాదు" అంది. "నా పని నిజంగానే తక్కువదా" అన్న మీ ప్రశ్న చదివినప్పుడు నాకు ఆమె గొంతే వినబడింది. అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

ఉండాలా, మారాలా అన్నది ఆ కాగితం రాసి, పైవారితో ఆ మాటలు మాట్లాడాక ఆలోచించండి. అడిగినందుకు చిరాకుపడితే వేరేచోటు చూసుకోవడం మొదలుపెట్టవచ్చు. "నిజమే, ఇలా ఎప్పుడూ చూడలేదు" అని ఎవరైనా ఒక్కరు అంటే మరో ఆరు నెలలు ఆగండి, తర్వాతి పెద్ద బ్రీఫు ఎవరికి వెళ్తుందో చూడండి. కాగితం రాశాక దానిలో ఏం కనబడిందో, క్లయింట్ల పేర్లు తీసేసి ఇక్కడ రాస్తే, నాకు తెలిసినంతలో మళ్లీ చెబుతాను.